గుండ్రం కోసే గొడుగు పట్టీ

నేను ఒక చెక్క పట్టీని. మూడడుగుల పొడవు, అరచేతి వెడల్పు, అర అంగుళం మందం. ఒక చివర రూటర్ మిషను కూర్చోడానికి గుండ్రటి గూడు. దాని నుంచి వెనక్కి వరసగా చిల్లులు. ఆ చిల్లుల్లో అవసరమైనదాంట్లో ఒక ఉక్కు పుల్ల దిగుతుంది. నా ఒళ్లంతా కలిపి ఇంతే. ఇప్పుడొక బడిలో, లెక్కల గది గోడకి, మేకుకి వేలాడుతున్నాను. కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను చూసి విరిగిన నిచ్చెన ముక్క అనుకుంటారు. ఒక తనిఖీ అధికారి అయితే, "ఈ బెత్తం ఇంత వెడల్పేంటండీ, పిల్లల్ని కొట్టడం మానేశాం కదా" అని కంగారుపడ్డాడు.

మార్కెట్లో నా జాతిని జిగ్గు అంటారు. నేను పుట్టిన వీధిలో మాత్రం నా పేరు గొడుగు పట్టీ. ఆ పేరెలా వచ్చిందో చెబుతాను గానీ, అంతకంటే ముందు నేను పుట్టకముందు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. అది జరక్కపోతే నేను ఏ పొయ్యిలోనో బూడిదయ్యి ఉండేదాన్ని.

కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరు వంతెన దిగాక రెండో సందులో కొమ్మోజు కామేశాచారి కొట్టు. ముందు గదిలో ఆయన భార్య భ్రమరాంబ కుట్టుమిషను, వెనక వసారాలో ఆయన పని. పెళ్లిళ్లకీ జాతర్లకీ పెట్టే సౌండు బాక్సులు చేసేవాడు. మనిషెత్తు పెట్టె, అందులో స్పీకరు కూర్చోడానికి పళ్లెమంత గుండ్రటి కన్నం. ఆ కన్నం కొయ్యడానికి రూటర్ వాడేవాడు. రూటరంటే తెలియనివాళ్లకి చెబుతున్నాను, అది కరెంటు మీద గిర్రున తిరిగే ఉలి. నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. దానికి టేకూ తెలీదు, వేపా తెలీదు, వేలూ తెలీదు.

ఆ మిషనుని ఆయన గీత గీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, కంటి అంచనా మీద తిప్పేవాడు. పట్టీ లేదు, ఆధారం లేదు. "కొమ్మోజు వాళ్ల కంట్లోనే కొలబద్ద ఉందండీ" అని వీధంతా అనేది. వాళ్ల తాత కన్నూ అంతేనట, తండ్రి కన్నూ అంతేనట. మూడు తరాల గొప్ప. మిషను మాత్రం ఆ వంశ చరిత్ర వినలేదు.

ఒక వేసవి మధ్యాహ్నం అలాగే కోస్తున్నాడు. ఆఖరి చుట్టులో కన్నం లోపలి చెక్క విడిపోయింది. దాని కింద ఆనుకోడానికి పలక లేదు, పట్టి ఉంచడానికి మరలు లేవు. విడిపోయిన ముక్క ఒరిగి, తిరుగుతున్న బిట్టుని, అంటే మిషను కోసే మొనని, పట్టేసింది. మిషను ఎగిరింది. ఆయన ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు పోయాయి. ఎవరు పరామర్శకొచ్చినా భ్రమరాంబ ఒకటే చెప్పేది. "రెప్పపాటండీ. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎక్కించేలోపల అయిపోయింది."

గాయం రెండు నెలల్లో మానింది. భయం మానలేదు. మిషనుని గోనెసంచిలో కట్టి అటకెక్కించాడు. పక్కింట్లో మిక్సీ తిరిగినా ఆయన ఎడం చెయ్యి దానంతటదే చంకలోకి పోయేది. వీధిలో జనం కూడా అంతే. ఆ చేతి వంక చూడకూడదని మర్యాదగా మొహం తిప్పుకునేవారు. కొట్లో చిల్లరిచ్చేవాడు కూడా కుడి చెయ్యి వచ్చేదాకా ఆగేవాడు. జాలి చూపించడానికి మనుషులు ఎంచుకునే పద్ధతులు చిత్రంగా ఉంటాయి.

ఆయన బాక్సుల్లో సగానికి పైగా కొనేవాడు సౌండు సర్వీసు నూకరాజు. మంచివాడే. ఒకరోజు వచ్చి, బల్ల మీద కూర్చుని, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివరికి అసలు మాట తీశాడు.

"మా గోడౌనులో కాపలాకి మనిషి కావాలండి ఆచారిగారూ. కుర్చీలో కూచోడమే, పనేం ఉండదు. మీరైతే నాకు నమ్మకం. దసరా వెళ్లిన మర్నాడు ఏ సంగతీ చెప్పండి. ఈలోపల మీ చెయ్యి కుదుటపడితే సరే, లేదంటే కొట్టు నేనే అద్దెకి తీసుకుంటాను."

కామేశాచారి "ఆయ్, అలాగేనండి" అన్నాడు. కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోడం తప్ప పనేం ఉండని పని. ఏడో ఏట నుంచి ఉలి పట్టిన మనిషికి అది ఎలా వినిపించిందో నేను చెప్పక్కర్లేదు. దసరా దాటేలోపు ఆయన మిషను పట్టగలిగితే వడ్రంగి, పట్టలేకపోతే కాపలావాడు. లెక్క అంత తేలిగ్గా ఉంది.

నేను పుట్టడానికి కారణం ఆయన కాదు, ఒక గౌను. భ్రమరాంబ ఎవరిదో పసిపిల్లకి గొడుగు కట్ గౌను కత్తిరిస్తోంది. గుడ్డని నాలుగు మడతలు వేసింది. మడతల మూల మీద టేపు కొన ఆన్చి, ఎడం బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టింది. టేపు రెండో కొసన సుద్దముక్క పెట్టి ఒక్క తిప్పు తిప్పింది. కత్తెర పెట్టి కోసి, మడతలు విప్పి దులిపితే గుడ్డ నేల మీద నిండు చందమామలా పరుచుకుంది. కామేశాచారి ఆ గుడ్డ వంకే చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వు అంచనా కట్టవా?" అన్నాడు.

"ఎందుకండీ అంచనా? మూల కదలకపోతే చాలు. చివర ఎంత కంగారుగా తిరిగినా గీత తప్పదు."

 భోజనం దగ్గర, మజ్జిగ పోసుకుంటూ, "మూల కదలకపోతే" అని తనలో తాను అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నన్ను కొయ్యడం మొదలెట్టాడు.

నన్ను దేన్నుంచి కోశాడో చెప్పనా? ఆ రోజు పాడైపోయిన బాక్సు పలక నుంచే. అది వసారా మూల గోడకి తిప్పి పెట్టి ఉంది. మరక లేని వైపు చూసుకుని, చేతి రంపంతో, మూడు వేళ్లతో పలకని అదిమిపట్టి కోశాడు. రంపం రెండుసార్లు జారింది. మూడు రోజులు పట్టింది. చిల్లులు పెట్టాడు, అంచులు చిత్రిక పట్టాడు, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. ఉక్కు పుల్ల భ్రమరాంబ పాత కుట్టుమిషను నుంచి తీసింది. నేను పూర్తయ్యాక భ్రమరాంబ నన్ను చేతిలోకి తీసుకుని, "ఇది నా గొడుగు కట్టేనండీ, చెక్కతో" అంది. అలా పేరొచ్చింది.

నన్ను చేయడంతో పాటు ఆయన కొన్ని నియమాలు కూడా చేశాడు. కోసే పలక కింద ఎప్పుడూ ఒక పనికిరాని పలక ఉండాలి. కన్నం లోపలి ముక్కనీ, బయటి చట్రాన్నీ రెండింటినీ ఆ అడుగు పలకకి మరలతోనో, రెండు వైపులా అంటుకునే టేపుతోనో బిగించాలి, ఆఖరి చుట్టులో ఏదీ విడివడకూడదు. ఒకేసారి లోతుగా దించకూడదు, చుట్టుకి అగ్గిపుల్ల మందం చాలు. కళ్లకి అద్దాలు, కరెంటు తీగ భుజం మీద నుంచి. రెండు చేతులూ మిషను పిడుల మీదే, బిట్టు దగ్గరికి ఏ వేలూ పోకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఉత్త చుట్టు. అంటే కరెంటు పెట్టకుండా, బిట్టు చెక్కకి తగలకుండా, నన్ను ఒకసారి పూర్తిగా తిప్పి చూడాలి. ఎక్కడైనా తగిలితే అక్కడే తెలిసిపోవాలి. ఇవన్నీ ఆయన ఎక్కడా చదవలేదు. రెండు వేళ్లు పోయాక తెలిశాయి.

అటక మీంచి మిషను దిగింది. నా గూట్లో కూర్చుంది. పుల్ల చెక్కలో దిగింది. ఉత్త చుట్టు అయింది. ప్లగ్గు పెట్టారు. కామేశాచారి పిడుల మీద చేతులు వేసి అలా నిలబడ్డాడు. నేను ఆ వేళ్ల కింద ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, అవి చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. స్విచ్చి మాత్రం నొక్కలేదు. చాలాసేపయ్యాక చేతులు తీసేసి, గుమ్మం దగ్గరికి వెళ్లి, చౌకట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"తప్పుకోండి, నేను తిప్పుతాను" అంది భ్రమరాంబ. చీర కుచ్చిళ్లు దోపుకుంది, పైట నడుముకి చుట్టుకుంది, జుట్టు ముడేసుకుంది. ఆయన గుమ్మంలోంచి, "మెల్లిగా... ఇంకా మెల్లిగా... తొయ్యకే, దాన్నే నడవనియ్యి" అంటూనే ఉన్నాడు. ఆవిడ బల్ల చుట్టూ నడిచింది. నేను పుల్ల చుట్టూ తిరిగాను. పొట్టు పిండిలా ఎగిరింది. అయిదో చుట్టులో చెక్క తెగింది.

నేను మొట్టమొదట కోసింది ఒక చపాతీ పీట. దాని సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు మాట తడబడుతుంది. బయల్దేరిన చోటుకే తిరిగొచ్చాను. వెంట్రుకవాసి తేడా లేదు. మొదలెక్కడో చివరెక్కడో నేనే వెతుక్కోలేకపోయాను. వంకరటింకర చెట్టులోంచి వచ్చిన చెక్కలో ఇంత తప్పులేని గుండ్రం ఎక్కడ దాక్కుని ఉంది? మేం ముగ్గురం కాసేపు దాని వంకే చూశాం. భ్రమరాంబ "అమ్మ బాబోయ్" అంది. కామేశాచారి కొలబద్ద తెచ్చి ఎనిమిది వైపుల నుంచి కొలిచాడు. తర్వాత కొలబద్ద కింద పెట్టి, "మా తాత కూడా ఇంత గుండ్రం కొయ్యలేదే" అన్నాడు. ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమో ఆవిడకి తెలుసు.

ఆ తర్వాత స్పీకరు కన్నాలన్నీ ఆవిడే కోసింది. ఆయన గీతలు గీసి, మరలు బిగించి, గుమ్మంలోకి వెళ్లిపోయేవాడు. "ఆచారి ఇంట్లో ఆచారమ్మే ఆచారి" అని వీధి నవ్వుకుంది. నూకరాజు నన్నొకసారి అరువు పట్టుకెళ్లాడు. వాళ్ల కుర్రాళ్లకి నన్నెలా వాడాలో తెలియక, వారం రోజులు నా మీద టీ గ్లాసులు మోయించారు. నా వెడల్పుకి గ్లాసులు భలే కుదిరాయట. తిరిగొచ్చేసరికి నా ఒంటి మీద తొమ్మిది గుండ్రటి మరకలు. గుండ్రాలే కదా అని సర్దుకున్నాను.

దసరాకి మూడు వారాలుందనగా మేరీ సలోమి టీచరుగారు వచ్చింది. బడిలో లెక్కలు చెబుతుంది, జగన్నాథపురమే. సంచిలోంచి రెండు మేకులు, దారం, పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు దీర్ఘవృత్తం బల్ల కావాలండి ఆచారిగారూ" అంది.

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఆవిడ ఒక చెక్కముక్క మీద రెండు మేకులూ కొట్టి, వాటి చుట్టూ వదులుగా దారం కట్టి, దారంలో పెన్సిలు పెట్టి లాగి పట్టి తిప్పింది. సాగిన గుండ్రం ఒకటి పడింది.

"కోడిగుడ్డా అమ్మా?" అంది భ్రమరాంబ.

"గుడ్డు ఒకవైపు సన్నం కదమ్మా. ఇది రెండువైపులా ఒకటే. ఇదిగో, ఈ మేకులున్న రెండు చోట్లనీ నాభులంటాం. ఇలాంటి ఆకారంలో గోడ కట్టి, ఒక నాభి దగ్గర నుంచి గోళీ కొడితే, అది గోడకి తగిలి రెండో నాభి దగ్గరికే వస్తుంది."

"ఎటు కొడితేనండీ?" అన్నాడు కామేశాచారి.

"ఎటు కొట్టినా."

"ఎటు కొట్టినానా? మీరు చూశారా?"

 టీచరుగారు దారం వేలికి చుట్టుకుంది. "లేదండి. ముప్పై ఏళ్లుగా బోర్డు మీద గీసి చెబుతున్నాను. లెక్కలో రుజువు చేస్తాను, పిల్లలు రాసుకుంటారు. కళ్లతో ఒక్కసారీ చూళ్లేదు. దసరా సెలవులయ్యాక నెల్లాళ్లలో రిటైరైపోతున్నాను. ఒక్కసారి చూసి వెళ్లిపోదామని."

కామేశాచారి ఆ పెన్సిలు గీత మీద వేలు పెట్టి చుట్టూ నడిపించాడు. "చేస్తానండి" అన్నాడు. అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డాడు.

దారంతో పెన్సిలు తిరుగుతుంది గానీ రూటర్ తిరగదు. టీచరుగారు ఒక పాత పుస్తకంలో బొమ్మ చూపించింది. ఒక దిమ్మ, దాని మీద అడ్డంగా ఒక గాడి, నిలువుగా ఒక గాడి, మధ్యలో రెండూ కలుస్తాయి. ఒక్కో గాడిలో ఒక్కో బిళ్ల జారుతుంది. ఆ రెండు బిళ్లలకీ ఒక పట్టీని పుల్లలతో తగిలిస్తే, పట్టీ చివర దీర్ఘవృత్తం గీస్తుంది. ఆయన టేకు దిమ్మ తీసుకుని ఉలితో నాలుగు రోజులు గాళ్లు తీశాడు, బిళ్లలు పైకి ఊడిపోకుండా లోపల వెడల్పు, పైన ఇరుకు. ఉలి పనిలో ఆయనకి భయం లేదు. నాకు రెండో పుల్ల వచ్చింది.

మహర్నవమి ముందు రోజు సాయంత్రం ఉత్త చుట్టు వేశాం. నా జన్మలో నేను అంత ఆశ్చర్యపోయింది లేదు. ఒక బిళ్ల తూర్పు పడమరలే తెలిసినట్టు పోతోంది, వస్తోంది. ఇంకొకటి ఉత్తరం దక్షిణాలే. రెంటికీ తిన్నని దారులే, వంకర అన్నది వాటికి తెలియదు. వాటి మధ్య ఇరుక్కున్న నేను మాత్రం, ఒకసారి దగ్గరకి ముడుచుకుంటూ, ఒకసారి దూరంగా చాచుకుంటూ, ఆ సాగిన గుండ్రం చుట్టూ నడిచాను. నన్నెవరూ వంచలేదు. నేను వంగలేదు. అయినా వంపు వచ్చింది. ఎలా వచ్చిందని ఇప్పటికీ అడక్కండి, నాకు తెలియదు. టీచరుగారిని అడిగితే రెండు పేజీలు చెబుతుంది.

"బాగా నడిచింది" అన్నాడు కామేశాచారి. భ్రమరాంబ వంక చూశాడు. "ఎల్లుండి విజయదశమి. మంచి రోజు. నువ్వు కోసెయ్యి."

"నాకెక్కడ కుదురుతుందండీ? మూడు పెళ్లిళ్ల జాకెట్లున్నాయి" అందావిడ, సూది వంక చూస్తూ. "గుండ్రాలు నేను కోశాను. ఈ కోడిగుడ్డు మీరు చూసుకోండి."

ఆ నెలలో పెళ్లి ముహూర్తాలే లేవు. నేను చెక్కనే అయినా నాకు ఆ మాత్రం పంచాంగం తెలుసు. ఆయనకీ తెలుసు. 

మర్నాడు ఆయుధపూజ. వడ్రంగుల ఇళ్లలో ఆ రోజు పనిముట్లు పట్టరు, పూజిస్తారు. ఉలులు, చిత్రికలు, రంపాలు, రూటరు అన్నీ కడిగి, తుడిచి, పీట మీద పేర్చారు. భ్రమరాంబ పసుపు నువ్వులనూనెలో కలిపి అన్నిటికీ రాసింది, కుంకుమబొట్లు పెట్టింది. నాకు మూడు పెట్టింది. ఇక దిమ్మ దగ్గరికి వచ్చేసరికి, గాళ్లు రెండూ కలిసే నడిమధ్య చోటు ఆవిడకి మొహంలాగే కనిపించింది. బొట్టు పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడుంది? నూనె పసుపూ కుంకుమా వేలినిండా తీసుకుని, దణ్ణం పెట్టుకుని, అక్కడ దట్టంగా పెట్టింది. నాకూ ముచ్చటేసింది. దాని మీదుగానే బిళ్లలు వెళ్లాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

విజయదశమి పొద్దున్న పలకలన్నీ బిగించాడు. రెండు చెక్క రేకులు అతికిన మందపాటి పలక, నాలుగడుగుల పొడవు. దిమ్మని మధ్యలో మరలతో బిగించాడు. లోపలి చెక్కా బిగింపే, బయటి చట్రమూ బిగింపే. ఉత్త చుట్టు మొన్ననే అయిపోయింది కదా అనుకున్నాడు. ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు లేదు. తలుపు వెనక ఊపిరి చప్పుడు మాత్రం ఉంది.

చేతులు నా మీదకి వచ్చాయి. ఎడమ చెయ్యి ఆలస్యంగా వచ్చింది. స్విచ్చి నొక్కాడు.

మొదటి చుట్టు అయింది. రెండోది అయింది. మూడో చుట్టులో బిళ్లలు మధ్యకొచ్చినప్పుడల్లా కాస్త గరగరలాడాయి. తన చెయ్యే వణుకుతోందనుకుని ఆయన పళ్లు బిగించాడు. కాదు, నూనె పసుపు పొట్టుని పట్టి ముద్ద చేస్తోంది. నాకు తెలుస్తోంది, చెప్పడానికి నోరు లేదు. అయిదో చుట్టులో, చెక్కలో బిట్టు సగానికి పైగా దిగి ఉండగా, అడ్డగాడి బిళ్ల మధ్యలో ఠక్కున బిగుసుకుపోయింది.

మిషను గుర్రుమని ఎదురుతన్నింది. ఆ దెబ్బంతా నా ఒంట్లోకి వచ్చింది. గూడు దగ్గర ఒక పొర ఫట్మని చీలింది. కానీ వెనక రెండు పుల్లలూ పట్టుకున్నాయి, మరలు పట్టుకున్నాయి, లోపలి చెక్క కదల్లేదు. మిషనుకి ఎగరడానికి దారి లేదు. ఉన్నచోటే గింజుకుంది. ఆయన బొటనవేలు స్విచ్చి నొక్కింది. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

కామేశాచారి పిడుల మీంచి చేతులు తీసి మొహం ముందు పెట్టుకున్నాడు. ఒక్కో వేలినీ చూశాడు.

తలుపు దడాలున తెరుచుకుంది. "ఏమైందండీ! ఏమైంది!" భ్రమరాంబ చేతిలో సూదీ లేదు, దారమూ లేదు.

"ఎనిమిదీ ఉన్నాయే" అన్నాడాయన.

ఆవిడ ఆ రెండు చేతులూ పట్టుకుని, తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూసి, కూలబడి ఏడ్చింది. ఆయన ఏడవలేదు. దిమ్మ మీదకి వంగి, గాడిలోంచి ఎర్రటి పసుపు ముద్దని గోటితో తీసి ఆవిడకి చూపించాడు. ఆవిడ నుదురు కొట్టుకుంది. "నా చేతులారా నేనే పెట్టానండీ!" అంది. అప్పుడాయన నవ్వాడు. ఆ వేళ్లు పోయాక ఆయన నవ్వడం నేను వినడం అదే మొదలు.

"ఏడవకే. ఇన్నాళ్లూ ఇది మళ్లీ జరుగుతుందేమో అనేగా భయం? జరిగింది. చూశావుగా, ఏం కాలేదు."

గాళ్లని కిరసనాయిలు, పాత పళ్ల బ్రష్‌తో కడిగారు. నా చీలికని జిగురు పెట్టి బిగించి, మధ్యాహ్నం దాకా ఆరబెట్టారు. భోజనమయ్యాక ఉత్త చుట్టు ఒకటికి మూడు వేశాడు. తర్వాత స్విచ్చి నొక్కి, మిగిలిన చుట్లన్నీ ఒక్కడే నడిచాడు. భ్రమరాంబ ఈసారి తలుపు వెనక కాదు, బల్ల పక్కనే నిలబడి చూసింది. చేతులు వణకలేదని అబద్ధం చెప్పను. వణుకుతూనే నడిచాయి, గీత మాత్రం వణకలేదు. లోపలి చెక్క మరలు విప్పి పైకి తీశాక, చట్రం మధ్యలో ఆ ఆకారం ఖాళీగా నిలిచింది. దేవుడు గీసి వదిలేసిన చోట మేం కోసి బయటపెట్టామేమో అనిపించింది. మర్నాడు నూకరాజు వస్తే, "ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి నూకరాజుగారూ, నాకు కూర్చోడానికి తీరిక లేదు" అన్నాడు.

ఆ చట్రాన్నే గోడగా ఒక పలక మీద బిగించి, కాళ్లు పెట్టి చేసిన బల్లని సెలవులయ్యాక బడికి తీసుకెళ్లారు. అది పుట్టిన తీరు పిల్లలకి చూపిస్తానని టీచరుగారు నన్నూ తెమ్మంది. నన్ను గోడకి తగిలించారు. పొర చీలాక భారీ పనికి ఇక పనికిరానని కామేశాచారి అప్పటికే నాకో తమ్ముణ్ణి చేసుకున్నాడు, కాబట్టి నన్ను అక్కడే వదిలేశాడు. నాకేం బాధ లేదు, అక్కడి నుంచి అంతా బాగా కనిపించింది.

బల్ల చుట్టూ పిల్లలు. టీచరుగారు రెండు నాభుల దగ్గరా సుద్దతో చుక్కలు పెట్టింది. ఒక చుక్క దగ్గర బేరింగు గోళీ ఉంచింది. చెయ్యి చీరకి తుడుచుకుని, చూపుడువేలితో కొట్టింది. గోళీ గోడకి తగిలింది, తిరిగింది, రెండో చుక్కకి బెత్తెడు దూరం నుంచి వెళ్లిపోయింది. ఇంకోసారి కొట్టింది. అటే పోయింది.

ఆవిడ మొహం చూడలేకపోయాను. ముప్పై ఏళ్లు చెప్పిన మాట అబద్ధమైనట్టు నిలబడిపోయింది. కామేశాచారి మాత్రం వంగి గదిలో నేల చూశాడు. "లెక్క తప్పలేదమ్మా, నేల ఒరిగింది" అన్నాడు. కాగితం మడతలు పెట్టి బల్ల కాలు కింద దూర్చాడు. అది ఇంకా కదులుతోందని, పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, కుడి చేత్తో ఆ కాలు గట్టిగా పట్టుకున్నాడు. "ఇప్పుడు కొట్టండి."

గోళీ వెళ్లింది. గోడకి తగిలింది. రెండో చుక్క మీదుగా గీత గీసినట్టు పోయింది.

 "నేరుగా వచ్చిందో లేదో తెలియట్లేదు, ఆగకుండా పోతోంది" అంది టీచరుగారు. "ఎవరైనా అక్కడ చెయ్యి పెట్టండి."

చుక్క ఉన్న వైపు కూర్చున్నది కామేశాచారి. కుడి చెయ్యి బల్ల కాలుకి అతుక్కుని ఉంది. ఆయన ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు.  మెల్లిగా ఎడం చెయ్యి చంకలోంచి తీసి, వెల్లకిలా, మూడు వేళ్లూ దోసిలిలా వంచి, చుక్క మీద పెట్టాడు. ఆ చేతిని అంతమంది ఒకేసారి చూడటం అదే మొదలు. ఎవరూ మొహం తిప్పుకోలేదు, గోళీ అక్కడికే రావాలి కాబట్టి.

టీచరుగారు ఎడమవైపు కొట్టింది. గోళీ ఆ చేతిలో పడింది. కుడివైపు కొట్టింది. ఆ చేతిలోనే పడింది. వెనక్కి తిరిగి, ఎదర ఏముందో చూడకుండా కొట్టింది. గోడకి తగిలి, అదేదో ముందే చెప్పి ఉంచినట్టు, ఆ మూడు వేళ్ల మధ్యకే వచ్చి ఆగింది. ఆవిడ చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత భ్రమరాంబ కొట్టింది. తర్వాత పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు, కావాలని అడ్డదిడ్డంగా కొట్టారు. ఎవరు కొట్టినా, ఎటు కొట్టినా, ఆ చేతికే.

కాసేపటికి ఒక పిల్ల ఇటుకముక్క ఒకటి తెచ్చి, కాగితం మడతల బదులు బల్ల కాలు కింద సరిగ్గా పెట్టింది. కామేశాచారి కాలు వదిలేశాడు. కుడి చెయ్యి ఖాళీ అయింది. దాంతో కళ్లు తుడుచుకున్నాడు. ఎడం చెయ్యి మాత్రం చుక్క మీంచి తియ్యలేదు.

"ఇంకోటి కొట్టండమ్మా" అన్నాడు.